ఆ రెండు గంటల కోసం...

1990 డిసెంబర్‌లో హైదరాబాద్ పాతబస్తీలో రోజుకి ఇరవై నాలుగు గంటలు ఉండేవి కావు. ఉన్నది కర్ఫ్యూ సడలించిన కాసేపే. పాలు, బియ్యం, మందులు, కూలి డబ్బులు, చుట్టాల యోగక్షేమాలు... ఏం కావాలన్నా ఆ కాసేపట్లోనే!

మొదట వినిపించేది మైకు. గల్లీ చివర, పెద్దరోడ్డు మీద పోలీసు జీపు నెమ్మదిగా కదులుతుంటుంది. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఇళ్లలో మాటలు టక్కున ఆగిపోతాయి. స్టవ్‌కి పంపు కొడుతున్న చెయ్యి ఆగుతుంది. అల్లరి చేస్తున్న పిల్లాణ్ని ఎవరో ఒకరు కసురుతారు. ఎన్నింటికి వదులుతారట? ఎంతసేపట? అసలు మన స్టేషన్ పేరు చెప్పాడా లేదా?

పాతబస్తీలో ఆ రోజులు గడిపినవాళ్లెవర్ని కదిపినా కర్ఫ్యూ గురించి ముందుగా గుర్తుచేసుకునేది ఈ మైకునే. లాఠీలూ, ఇనుప కంచెలూ ఆ తర్వాత. పేపర్లో ఫొటో చూసినవాళ్లకి కర్ఫ్యూ అంటే ఖాళీ రోడ్డు, మధ్యలో చార్మినార్, దాని ముందు తుపాకీ పట్టుకున్న జవాను. ఆ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ఇళ్లలో లక్షల మంది ఏం తిన్నారు, ఎలా నిద్రపోయారు, నెలాఖరుకి అద్దె ఎలా కట్టారు అన్నది ఫొటోలో కనపడదు.

మన స్టేషన్ పేరు చెప్పాడా?

కర్ఫ్యూ పాతబస్తీకి 1990లోనే కొత్తగా రాలేదు. 1978 మార్చిలో నల్లకుంట పోలీసుస్టేషన్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. అప్పుడు కర్ఫ్యూ పెట్టారు. 1980ల మొదటి సగంలో ఉత్సవాలు, ఊరేగింపులు వచ్చాయంటే చాలు జనం ఇంట్లో పప్పూ ఉప్పూ చూసుకునేవారు. 1984 అయితే మరీ విచిత్రమైన ఏడాది. ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ రద్దు చేశారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెలరోజుల రాజకీయం మధ్యలోనే, గణేశ్ నిమజ్జనం రోజుల్లో పాతబస్తీలో అల్లర్లు. రాష్ట్రమంతా ఎమ్మెల్యేల లెక్కల్లో ఉంటే ఇక్కడి ఇళ్లలో బియ్యం లెక్కలు.

1990 మాత్రం వాటన్నిటినీ మించింది. అక్టోబర్‌లో అద్వానీ రథయాత్ర, ఆయన అరెస్టు, నెలాఖరున అయోధ్యలో కరసేవ... దేశమంతా ఉద్రిక్తంగా ఉంది. డిసెంబర్ మొదటి వారంలో హైదరాబాద్ అంటుకుంది. వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువగా కత్తిపోట్లు. గుంపులు ఎదురుపడి కొట్టుకోవడం ఒక ఎత్తు. ఒంటరిగా వెళ్తున్న మనిషిని గల్లీలో పొడిచి పారిపోవడం ఇంకో ఎత్తు. జనాన్ని ఎక్కువగా భయపెట్టింది ఈ రెండోదే. ఆ నెలలోనే మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పుకున్నారు. డిసెంబర్ 17న నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రమాణ స్వీకారం చేశారు. ముఖ్యమంత్రి మారారుగానీ జీపు మీద మైకు మారలేదు.

ఇక్కడ ఒక చిన్న తేడా చెప్పుకోవాలి. నూటనలభై నాలుగో సెక్షన్ అంటే ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది గుమిగూడకూడదు. అంతమాత్రాన ఒంటరిగా రోడ్డు మీద నడవడం నేరం కాదు. కర్ఫ్యూ అలా కాదు. గడప దాటడమే నేరం. (ఆ సెక్షన్ నంబరు కూడా ఇప్పుడు మారింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 163.) కర్ఫ్యూని పోలీసుస్టేషన్ల లెక్కన పెడతారు, స్టేషన్ల లెక్కనే సడలిస్తారు. చార్మినార్, హుస్సేనీఆలం, మీర్‌చౌక్, మొఘల్‌పురా, డబీర్‌పురా, శాలిబండ... మామూలు రోజుల్లో తన ఇల్లు ఏ స్టేషన్ కిందికి వస్తుందో ఎవరికి పడుతుంది? కర్ఫ్యూ రోజుల్లో మాత్రం ఆరేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. ఒకే రోడ్డుకి ఇటువైపు ఒక స్టేషన్, అటువైపు ఇంకొకటి. అటు కిరాణా దుకాణం తెరిచి ఉంటుంది. ఇటువాళ్లు కిటికీలోంచి చూస్తూ ఉండాలి.

మూసీ మీది వంతెనలే అసలు సరిహద్దులు. 1578లో కట్టిన పురానాపూల్ నుంచి నయాపూల్, చాదర్‌ఘాట్ దాకా. వంతెనకి ఇవతల అఫ్జల్‌గంజ్, సుల్తాన్‌బజార్, ఆబిడ్స్. సినిమాలు ఆడుతుంటాయి, హోటళ్లలో చాయ్ పొగలు కక్కుతుంటుంది. అవతల తలుపులు మూసిన ఊరు. రెండిటికీ మధ్య నడక పది నిమిషాలు.

సంచీ, సీసా, చీటీ

సడలింపుని పాతబస్తీ 'ఢీల్' అంటుంది. గాలిపటానికి దారం వదలడాన్ని కూడా అదే మాటతో చెబుతారు. ఎంత వదిలారు, ఎప్పుడు లాగేస్తారు అన్నదే అక్కడా ఇక్కడా ప్రశ్న.

కర్ఫ్యూ పెట్టిన మొదటి ఒకటి రెండు రోజులు ఢీల్ ఉండదు. ఆ తర్వాత పరిస్థితిని బట్టి రెండు గంటలు. బాగుంటే మూడు, నాలుగు. ఆ రెండు గంటలకి ఇంటింటా ముందురోజు రాత్రే ప్రణాళిక తయారు. ఎవరు పాలకి, ఎవరు గ్యాసునూనెకి, ఎవరు మందులకి. సంచులు, సీసాలు, డబ్బాలు గడప దగ్గర వరసగా పెట్టుకునేవారు. చీటీలో రాసుకున్న సరుకుల వరస కూడా మామూలు వరస కాదు. ముందు పసిపిల్లల పాలు, ఆ తర్వాత బీపీ మాత్రలో ఉబ్బసం మందో, ఆ తర్వాత బియ్యం. కూరగాయలు దొరికితే అదృష్టం.

ఎవరు వెళ్లాలన్నది ఇంకో చర్చ. కాలేజీకి వెళ్లే వయసు కొడుకుంటే వాణ్ని గుమ్మం దాటనిచ్చేవారు కాదు. కుర్రాడు కనిపిస్తే పోలీసులు అనుమానిస్తారని ఒక భయం, పోలీసులు లేనిచోట ఇంకో భయం. అందుకే చాలా ఇళ్లలో ఢీల్ అంటే ఆడవాళ్ల పని, పెద్దవాళ్ల పని, పదేళ్లలోపు పిల్లల పని అయ్యేది. ఎప్పుడూ దుకాణం మొహం చూడని ఇల్లాళ్లు కూడా బియ్యం బస్తా బేరం నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. బురఖా వేసుకున్న ఆవిడా, కొంగు నడుముకి దోపుకున్న ఆవిడా ఒకే క్యూలో నిలబడి గడియారం ఉన్న మనిషి కోసం వెతికేవారు. "ఎంతయింది చాచా?" అని నిమిషానికోసారి అడిగితే పాపం ఆ చాచా మాత్రం ఏం చేస్తాడు!

దుకాణాల దగ్గర తూకం వేసే తీరికెక్కడ? ముందే అరకిలో, కిలో పొట్లాలు కట్టి ఉంచేవారు. షట్టర్ సగమే ఎత్తేవారు. గొడవ మొదలైతే దించడం తేలికని. రేట్లు పెంచిన దుకాణదారులున్నారు. కొత్త చీటీ అడగకుండా ఉద్దెర ఇచ్చిన దుకాణదారులూ ఉన్నారు. కర్ఫ్యూ అయిపోయాక కూడా జనం ఈ రెండు రకాలవాళ్లనీ మరిచిపోలేదు.

రెండు గంటలన్న మాటే గానీ నిజంగా చేతికొచ్చేది తక్కువ. ఎక్కడైనా ఒక్క రాయి పడితే, ఒక్క పుకారు లేస్తే ఢీల్ అక్కడికక్కడ రద్దు. జీపులు మళ్లీ మైకులతో తిరుగుతాయి. బజారులో ఉన్నవాళ్లు చేతిలో ఉన్నది ఉన్నట్టు పరుగు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు దూరపు మార్కెట్‌కి వెళ్లేవారు కాదు. మీర్‌ఆలం మండీలో కూరగాయలు చవకే. కానీ సమయానికి తిరిగి రాలేకపోతే?

కూరగాయలు పట్నం చుట్టుపక్కల పల్లెల నుంచి రావాలి. తెచ్చే రైతు రాడు. కాబట్టి వంటింటి క్యాలెండరు దాదాపు అన్ని ఇళ్లలో ఒకటే. మొదటి రెండు రోజులు ఇంట్లో ఉన్న వంకాయలు, టమాటాలు. తర్వాత ఆలుగడ్డ, ఉల్లిగడ్డ. తర్వాత పప్పు. పప్పు కూడా పొదుపు చేయాల్సి వచ్చేసరికి చింతపండు. తెలుగిళ్లలో పచ్చిపులుసు, ముస్లిముల ఇళ్లలో ఖిచ్డీ మీదికి ఖట్టా. పేరు వేరుగానీ రెండిటికీ చింతపండూ ఉల్లిగడ్డా పచ్చిమిర్చే ఆధారం. పాలు లేని చోట సులేమానీ చాయ్. చక్కెర కూడా అయిపోయిందంటే ఆ ఇంట్లో కర్ఫ్యూ పదో రోజుకి చేరిందని లెక్క.

కర్ఫ్యూ అన్న మాట ఫ్రెంచి నుంచి పుట్టింది. 'నిప్పుని కప్పెయ్' అని దానర్థం. మధ్యయుగాల యూరప్ ఊళ్లలో రాత్రి ఫలానా వేళకి గంట మోగేది. మోగగానే పొయ్యిలో నిప్పు మీద మూత పెట్టాలి. చెక్క ఇళ్లు కదా, ఒకటి అంటుకుంటే ఊరంతా పోతుందని. పాతబస్తీ ఇల్లాళ్లకి ఈ సంగతి చెబితే నవ్వుతారేమో. గ్యాసునూనె దొరక్క పొయ్యి వెలిగించడమే అక్కడ పెద్ద పని!

రోడ్డు మీద లాఠీ... గల్లీలో గోలీలాట

కర్ఫ్యూ అంటే ఊరంతా నిశ్శబ్దం అనుకుంటారు గానీ పాతబస్తీ కట్టుబడి అలాంటిది కాదు. పెద్దరోడ్డు మీద చీమ కదలదు. దాని వెనక గల్లీ, గల్లీ లోపల ఇంకో గల్లీ, ఇళ్లు ఆనుకుని ఇళ్లు, మిద్దెని తాకుతూ మిద్దె. పోలీసు బూటు చప్పుడు వినపడితే తలుపులు మూసుకుంటాయి. దూరమైతే తెరుచుకుంటాయి. పిల్లలకి బడి లేదు. క్యారంబోర్డు ఉన్న ఇంట్లో పదిమంది. అరుగు మీద పచ్చీసు. గోలీలాట సరేసరి.

పైగా డిసెంబర్. సంక్రాంతికి నెల ముందు నుంచే పాతబస్తీ ఆకాశం గాలిపటాల సొత్తు. మిద్దెల మీద జనం కనిపిస్తే రాళ్లు రువ్వడానికి చేరారేమోనని పోలీసులకి అనుమానం. "దిగండి, దిగండి" అని కింద నుంచి కేకలు. చేతిలో చరఖాతో పదేళ్ల పిల్లాడు మెట్లు దిగుతాడు. జీపు మలుపు తిరగగానే మళ్లీ పైకి. పతంగు తెగిపోతే మాత్రం పరిగెత్తి పట్టుకునే వీల్లేదు. అది వేరే స్టేషన్ లిమిట్స్‌లో పడుతుంది!

పెద్దవాళ్లకి ఈ సెలవు అంత సరదాగా లేదు. చిన్న ఇల్లు, పెద్ద కుటుంబం. పొద్దున వెళ్లి రాత్రి వచ్చే మగవాళ్లంతా రోజంతా ఇంట్లోనే. రెండో రోజుకి కబుర్లు అయిపోతాయి. నాలుగో రోజుకి చిరాకులు మొదలవుతాయి. చెత్త ఎత్తేవాళ్లు రారు. గల్లీ మొదట్లో కుప్ప పెరుగుతుంటుంది. నల్లా నీళ్లు వదిలే మనిషి వచ్చాడా లేదా అన్నది ఇంకో బెంగ.

అన్ని గల్లీలూ ఒకలా లేవు. రెండు మతాలవాళ్లు కలిసున్న చోట పిట్టగోడ మీదుగా చక్కెర, చాయ్‌పత్తీ, జ్వరం మాత్రలు చేతులు మారాయి. "ఖాలా, పాలు విరిగిపోయాయి" అంటే అవతలి నుంచి ఒక గిన్నె వచ్చేది. పక్కింటివాళ్లని నాలుగు రోజులు తమ ఇంట్లో దాచినవాళ్ల గురించి రెండు వైపులా చెప్పుకుంటారు. పక్కింటివాళ్లే గుంపుకి ఇల్లు చూపించిన సంగతులు కూడా చెప్పుకుంటారు. మొదటి రకం కథలు మాత్రమే రాసి ఊరుకుంటే చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ పాతబస్తీ ఆ తర్వాత ఎందుకు మారిందో అర్థం కాదు.

రేడియో చెప్పనిది

సెల్‌ఫోన్లు ఇంకా రాలేదు. ల్యాండ్‌లైన్ ఉన్న ఇల్లు గల్లీకొకటి ఉంటే ఎక్కువ. ఆ ఇంటికి గల్లీ మొత్తం చుట్టమే. "మా అన్నయ్య మలక్‌పేటలో ఉన్నాడు, ఒక్క మాట..." అంటూ వరస కట్టేవారు. పొద్దున ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు, సాయంత్రం దూరదర్శన్ తెలుగు వార్తలు, రాత్రి బీబీసీ ఉర్దూ 'సైర్‌బీన్'. ఇవి మూడూ విన్నాక కూడా అసలు సంగతి తెలిసినట్టు ఉండేది కాదు. 'పరిస్థితి అదుపులో ఉంది' అని రేడియో చెప్పేసరికి మిద్దె మీంచి చూస్తే రెండు గల్లీల అవతల పొగ.

ఈ ఖాళీలో పెరిగేదే పుకారు. పాలల్లో విషం కలిపారనో, రాత్రికి ఫలానా వైపు నుంచి గుంపు వస్తోందనో. ఒకే పుకారు రెండు బస్తీల్లో తిరుగుతుంది. వచ్చేవాళ్ల పేర్లు మాత్రం తారుమారు. దాంతో రెండు బస్తీల్లోనూ మగవాళ్లు రాత్రంతా కాపలా. అటు టార్చిలైటు వెలిగితే ఇటు గుండె దడ, ఇటు ఈల వేస్తే అటు పరుగులు. భయపడేవాళ్లే ఎదుటివాళ్లని భయపెడుతున్నారని అప్పుడు ఎవరికీ తోచలేదు.

హింస తగ్గాక మనస్తత్వ విశ్లేషకుడు సుధీర్ కాకర్ హైదరాబాద్ వచ్చి ఈ భయాల మీదే అధ్యయనం చేశారు. అల్లర్లు చూసినవాళ్లతో, చేసినవాళ్లతో, బాధితులతో మాట్లాడి రాసిన ఆయన పుస్తకం 'ద కలర్స్ ఆఫ్ వయొలెన్స్' 1996లో వచ్చింది. పాతబస్తీ అల్లర్ల గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇప్పటికీ వెతుక్కుని చదివే పుస్తకం అది.

రెక్కాడకపోతే...

కర్ఫ్యూ అందరికీ ఒకటే అంటారు. కాదు. ప్రభుత్వ ఉద్యోగికి ఆఫీసుకి వెళ్లకపోయినా ఒకటో తారీఖు జీతం వస్తుంది. పెద్ద దుకాణదారుకి నష్టం వస్తుంది, కానీ ఇంట్లో బియ్యం ఉంటాయి. రోజుకూలీకి పోయేది ఆ పూట అన్నమే.

పాతబస్తీలో అప్పుడూ ఇప్పుడూ ఎక్కువమందిది అటువంటి బతుకే. సైకిల్ రిక్షా తొక్కేవాళ్లలో చాలామందికి సొంత రిక్షా ఉండదు. రోజువారీ కిరాయికి తీసుకుంటారు. కర్ఫ్యూలో కిరాయి కట్టక్కర్లేదు, నిజమే. సంపాదనా లేదు. ఇరానీ హోటల్లో చాయ్ అందించే కుర్రాడు, అడ్డా మీద నిలబడే మేస్త్రీ, తోపుడుబండి మీద జామకాయలమ్మే మనిషి... తోపుడుబండి అతనికి ఇంకో దెబ్బ. పెట్టుబడి పెట్టి కొన్న సరుకు ఇంటి ముందే కుళ్లిపోతుంది. గల్లీ పిల్లలకి పంచేయడమే.

ఇంట్లో కూర్చుని చేసే పనులైనా సాగాలి కదా అనిపిస్తుంది. పాతబస్తీలో వేల మంది ఆడవాళ్లు ఇంటి నుంచే సంపాదిస్తారు. అగరువత్తులు చుట్టడం, చీరలకి జరీ పని, లాడ్‌బజార్ గాజులకి రాళ్లు అతకడం. లక్కని బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, గాజుగా చుట్టి, వేడి ఆరేలోపు ఒక్కో రాయీ పొదుగుతారు. చార్మినార్ పక్కన మెరిసే ఆ గాజుల వెనక ఈ చేతులుంటాయి. పని ఇంట్లోదే. కానీ లక్క, రాళ్లు, అగరువత్తి పుల్లలు తెచ్చిచ్చేది మధ్యవర్తి. తయారైనవి పట్టుకెళ్లి డబ్బులిచ్చేదీ అతనే. అతను ఇంకో స్టేషన్ లిమిట్స్‌లో ఉంటాడు. పుల్లలు అయిపోయిన రోజు నుంచి పని బంద్. చుట్టినవి మూలన కట్టలు కట్టలుగా ఉంటాయి, డబ్బు మాత్రం ఉండదు. అలాంటి ఇంట్లో ఢీల్ ఇచ్చిన రెండు గంటల్లో ఆవిడ పరిగెత్తేది దుకాణానికి కాదు. ఆ మధ్యవర్తి ఇంటికి. అతను డబ్బులిస్తేనే దుకాణం. ఇద్దరి మధ్యా దూరం నడిచేలోపు ఢీల్ అయిపోయిన రోజులున్నాయి.

లాడ్‌బజార్‌కి పెళ్లిళ్ల కాలమే పంట. ఆ కాలంలో పదిహేను రోజులు మూతపడితే ఆ బేరం మళ్లీ ఏడాదికే. కర్ఫ్యూ ఎత్తేశాక బజార్లు కళకళలాడాయని పేపర్లు రాస్తాయి. ఆ కళకళలో సేట్ల కుదువ దుకాణాల ముందు నిలబడ్డవాళ్లు కూడా ఉంటారు. చెవి కమ్మలు, వెండి పట్టీలు, ఇత్తడి బిందెలు. ఇరవై రోజుల కర్ఫ్యూ అప్పు తీరడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

నొప్పులు చెప్పి రావు

పెట్లబురుజు ప్రసూతి ఆస్పత్రి పాతబస్తీ లోపలే. ఉస్మానియా దవాఖానా మూసీకి ఇవతల ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లో. పటం మీద చూస్తే రెండూ దగ్గరే. అర్ధరాత్రి నొప్పులు మొదలైన ఇంట్లో మాత్రం అది ఎంత దూరమో చెప్పడం కష్టం. 108 అంబులెన్సులు రాష్ట్రంలో మొదలైంది 2005లో. 1990లో ఉన్న దారి ఒకటే. ఇంట్లో పెద్దాయన ఒకరు, ఆడమనిషి ఒకరు చేతులు కనపడేలా నడుచుకుంటూ రోడ్డు మీది పోలీసు పికెట్ దాకా వెళ్లి బతిమాలాలి. మంచివాడు తగిలితే తమ జీపులోనే ఎక్కించుకెళ్లేవాడు. సీఆర్‌పీఎఫ్ జవాన్లు వేరే రాష్ట్రాలవాళ్లు. గల్లీ పేర్లు తెలియవు, భాష కలవదు. వాళ్లకి నిండు గర్భిణిని చూపించడమే మాట. పికెట్ దాకా వెళ్లే ధైర్యం లేని ఇళ్లలో మంత్రసానులకి మళ్లీ పని పడింది.

డాక్టర్లూ నర్సులూ కూడా ఊళ్లోవాళ్లే కదా! వాళ్లకి కర్ఫ్యూ పాసులుండేవి. పాలవాళ్లకి, కరెంటువాళ్లకి, విలేకర్లకి పాసులు. పాసున్నంత మాత్రాన దారిలో భయం లేదని కాదు. పాసు చూసేది పోలీసు, గల్లీ మలుపులో నిలబడ్డవాడు కాదు.

పెళ్లి ముహూర్తాలు ముందే పెట్టుకున్నవాళ్లు ఇంకా ఇబ్బంది పడ్డారు. శుభలేఖలు పంచేశారు, వంటవాళ్లకి బయానా ఇచ్చేశారు. ఢీల్ వేళల్లో నలుగురు పెద్దల మధ్య నికా అయిపోయిన ఇళ్లున్నాయి. ముహూర్తం దాటిపోయి మాఘమాసానికి మార్చుకున్న ఇళ్లున్నాయి. చావుకి వాయిదా ఉండదు. కొద్దిమందికే అనుమతి, ముందొక పోలీసు, వెనకొక పోలీసు. దూరపు చుట్టాలకి వారం తర్వాతగానీ తెలిసేది కాదు.

మూసీ దాటిన సామాను

కర్ఫ్యూ ఎత్తేశాక బస్సులు తిరిగాయి, బడులు తెరిచారు. పిల్లలు అర్ధసంవత్సర పరీక్షలు రాశారు. అయితే కొన్ని గల్లీల్లో ఇళ్ల ముందు లారీలూ ట్రాలీలూ ఆగాయి. బీరువా, మంచాలు, తులసికోట. ఇంకో చోట ఇంకో లారీ... దాంట్లో దేగ్చాలు, ట్రంకుపెట్టెలు. ఇటు హిందువులు తక్కువున్న గల్లీల నుంచి హిందువులు, అటు ముస్లిములు తక్కువున్న గల్లీల నుంచి ముస్లిములు. 1978 తర్వాత మెల్లగా మొదలైన ఈ వలస 1990తో జోరందుకుంది. చాలామంది పోలీసులో గుంపులో తరిమితే వెళ్లలేదు. ఈసారి బతికాం, వచ్చేసారి ఏమవుతుందోనని వెళ్లారు. ఇల్లు అమ్మేవాడికి తొందర. కొనేవాడికి ఆ తొందర తెలుసు. ధర ఎలా పలుకుతుందో చెప్పక్కర్లేదు.

పోయిన ప్రాణాలకి లెక్క ఉంది. కాలిపోయిన దుకాణాలకి లెక్క ఉంది. ఈ ఇళ్లు ఖాళీ చేసిన లెక్క మాత్రం సంతకాలు పెట్టిన అమ్మకం కాగితాల్లో మామూలు అమ్మకంగానే ఉండిపోయింది. పిట్టగోడ మీదుగా గిన్నె అందుకోవాలంటే పక్కిల్లు అవతలివాళ్లదై ఉండాలి కదా. ఆ అవకాశమే చాలా గల్లీల్లో లేకుండా పోయింది. ఇవాళ ఇరవై ఏళ్ల కుర్రాడికి పక్క మతం స్నేహితులు కాలేజీలోనో ఉద్యోగంలోనో ఉంటారేమోగానీ, పక్క తలుపులో ఉండటం అరుదు. 1990 మిగిల్చిన నష్టాల్లో పెద్దది ఇదే అనిపిస్తుంది.

మళ్లీ అదే క్యూ

కర్ఫ్యూ ఆ తర్వాత కూడా వచ్చింది. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత 1992 డిసెంబర్‌లో పెట్టారు. 2010 మార్చి ఆఖర్లో పాతబస్తీలోని పలు పోలీసుస్టేషన్ల పరిధిలో పెట్టారు. అప్పటికి చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి. ఢీల్ ఎప్పుడో మైకు కోసం ఎదురు చూడక్కర్లేదు, టీవీలో స్క్రోలింగ్ వస్తుంది. పుకారుకీ గల్లీలు నడిచి వెళ్లే పని తప్పింది. ఎస్సెమ్మెస్‌లో క్షణంలో పోతుంది. రిక్షాలు పోయి ఆటోలొచ్చాయి. ఆటోకి కూడా రోజు కిరాయే.

ఇంకో పదేళ్లకి అసలు ఊహించనిది జరిగింది. అల్లర్లు లేవు, గుంపులు లేవు. 2020 మార్చి 25 నుంచి దేశం మొత్తం ఇళ్లలో. 2021 మే 12న తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు పొద్దున 6 నుంచి 10 గంటల దాకా మాత్రమే సడలింపు. అమీర్‌పేట, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో జనం కంగారు పడ్డారు. ఏం తెచ్చుకోవాలి, ఎప్పుడు బయల్దేరాలి, పది దాటితే పోలీసులు ఏం చేస్తారు అని ఫోన్ల మీద ఫోన్లు. పాతబస్తీలో అరవై దాటినవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మందులు ముందు, పాలు తర్వాత. దూరపు మార్కెట్‌కి పోవద్దు. సంచులు రాత్రే తీసిపెట్టుకోవాలి. పది కాకముందే షట్టర్లు సగానికి దిగాయి. ఆ సగం షట్టర్ కింద వంగి కిలో పొట్లం అందుకుంటుంటే వెనక ఎవరో గడియారం ఉన్న మనిషిని అడుగుతున్నారు, ఎంతయిందని.